ఆఫీసు రాకపోకలకు ఎలక్ట్రిక్ కారు: షోరూమ్‌కి వెళ్లేముందు చూసుకోవాల్సిన లెక్కలు

ఎలక్ట్రిక్ కారు మాట ఎత్తగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఒకసారి చార్జ్ చేస్తే ఎంత దూరం పోతుంది?" అని. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే మనిషి దీన్ని మూడో ప్రశ్నగా అడగాలి. అంతకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. రాత్రి మీ కారు ఎక్కడ ఆగుతుంది, అక్కడికి కరెంటు వస్తుందా? నెలకు మీరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే కారు ఎంపిక సగం తేలిపోయినట్టే. దొరకకపోతే ఎంత మంచి కారు కొన్నా రోజూ టెన్షనే.

ఉదాహరణలన్నీ హైదరాబాద్ నుంచే తీసుకున్నాను. విజయవాడ, విశాఖ, తిరుపతి వాళ్లకూ లెక్క ఇదే, తేడా ఉన్నచోట చెబుతాను. మొదలుపెట్టే ముందు మూడు నెలల కరెంటు బిల్లులు, రెండు నెలల పెట్రోలు ఖర్చు, ఇప్పుడున్న కారు ఓడోమీటర్ రీడింగ్ దగ్గర పెట్టుకోండి. గుర్తున్నంతలో చెప్పుకునే కిలోమీటర్లు చాలాసార్లు తప్పుతాయి.

అడుగు 1: పార్కింగ్ దగ్గర కరెంటు సంగతి తేల్చుకోండి

సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్ ఉంటే పని సులువు. అసలు చిక్కంతా అపార్ట్‌మెంట్లలోనే.

ముందు ఒక అపోహ పోవాలి. ఇంట్లో చార్జ్ చేయడానికి గోడకు బిగించే పెద్ద చార్జర్ తప్పనిసరి కాదు. ఏసీకి, గీజర్‌కి వాడే 15 లేదా 16 ఆంపియర్ల సాకెట్ చాలు. కారుతో ఇచ్చే పోర్టబుల్ చార్జర్‌ని దానికి తగిలిస్తే గంటకు మూడు యూనిట్లకు కాస్త అటూ ఇటూగా ఎక్కుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఎనిమిది గంటల్లో 20 యూనిట్లకు పైనే. మామూలు సైజు ఎలక్ట్రిక్ కారు ఊళ్లో యూనిట్‌కి 6 నుంచి 8 కిలోమీటర్లు ఇస్తుంది కాబట్టి, ఒక్క రాత్రిలో 120 కిలోమీటర్లకు మించి సరిపడా చార్జ్ వచ్చేస్తుంది. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మూడు గంటలు చాలు. 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ ఉంటే సౌకర్యమే. కానీ అది లేదన్న కారణంతో కారు మానుకోనక్కర్లేదు.

అపార్ట్‌మెంట్‌లో అయితే ఈ వరుసలో వెళ్లండి. మీ మీటరు ఎక్కడుందో చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్ల ప్యానెల్ కిందే, స్టిల్ట్‌లోనో సెల్లార్‌లోనో ఉంటుంది. అక్కడి నుంచి మీ పార్కింగ్ స్లాట్‌కి ఎన్ని మీటర్ల కేబుల్ పడుతుందో కొలవండి, ఖర్చులో పెద్ద భాగం దానిదే. లైన్ మీ సొంత మీటరు నుంచే తీయించుకోండి. లిఫ్టు, మోటారు ఉన్న కామన్ మీటరు నుంచి తీసుకుని నెలకు ఇంత అని కడతానంటే మొదట్లో అందరూ సరే అంటారు. కామన్ బిల్లు పెరిగిన నెల నుంచి ప్రతి మీటింగులోనూ అదే పంచాయితీ.

అసోసియేషన్‌ని అడిగేటప్పుడు నోటిమాటగా కాకుండా ఒక పేజీ కాగితం ఇవ్వండి. ఏ మీటరు నుంచి లైన్, ఏ దారిలో కేబుల్, ఎంత సైజు, ఏ రక్షణ పరికరాలు, పని చేసేది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ అన్న సంగతులు అందులో ఉండాలి. ఇప్పటికే ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే ఇంట్లో గానీ ఆఫీసులో గానీ బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఆ సంగతీ రాయండి. పొరుగువాళ్లకు ఉండే అసలు భయం మంటల గురించి. దాన్ని కొట్టిపారేయకండి, వాళ్ల పిల్లలూ అదే బిల్డింగులో ఉంటున్నారు. ఎర్తింగ్, బ్రేకర్ల వివరాలు ముందే చూపిస్తే సగం అభ్యంతరాలు అక్కడే ఆగుతాయి.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఓనర్ దగ్గర వాట్సాప్ మెసేజ్ రూపంలోనైనా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ఇల్లు మారేటప్పుడు కేబుల్, సాకెట్ ఎవరివో అందులోనే తేల్చుకోండి.

ఇక వైరింగ్. ఇక్కడ పొదుపు చేయొద్దు. ఎలక్ట్రిక్ కారు గంటల తరబడి ఆగకుండా నిండుగా కరెంటు లాగుతుంది. గీజర్ పది నిమిషాలు లాగి ఆపేస్తుంది, ఏసీ మధ్యమధ్యలో విరామం తీసుకుంటుంది, కారు అలా కాదు. అందుకే ఏళ్ల తరబడి బాగానే పనిచేసిన పాత సాకెట్ కారు పెట్టిన వారంలో నల్లబడిపోవచ్చు. 16 ఆంపియర్లకు కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం ఎక్కువైతే 6. మరి దేనికీ ఇవ్వకుండా ఈ ఒక్క సాకెట్‌కే విడి లైన్, విడి ఎంసీబీ (లోడు మించితే ఆగిపోయే బ్రేకర్). దాంతోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్. మంచి కంపెనీ ఇండస్ట్రియల్ సాకెట్. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఎర్తింగ్ గురించి విడిగా చెప్పాలి. మన దగ్గర చాలా ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ, మూడో పిన్ను వెనక సరైన ఎర్త్ ఉండదు. ఫ్రిజ్, టీవీ దాన్ని పట్టించుకోవు. కారు చార్జర్ పట్టించుకుంటుంది, ఎర్త్ సరిగా లేకపోతే ఎర్ర లైటు వెలిగి చార్జింగ్ మొదలే కాదు. ఎలక్ట్రీషియన్‌ని న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ కొలిచి చూపించమనండి. రెండు మూడు వోల్టులకు మించి ఉంటే ఎర్త్ పిట్ బాగుచేయించాల్సిందే.

కరెంటు బిల్లు మీద మీ కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన లోడ్, ఎంతో రాసి ఉంటుంది. రెండు మూడు కిలోవాట్లే ఉండి, ఇంట్లో రెండు ఏసీలు నడుస్తుంటే, కారు వచ్చేలోపు అదనపు లోడ్‌కి డిస్కమ్‌లో (కరెంటు సరఫరా చేసే కంపెనీలో) దరఖాస్తు పెట్టండి.

ఇంటి దగ్గర కుదరదని తేలితే ఆఫీసు సంగతి చూడండి. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రాంగూడ వైపు పెద్ద క్యాంపస్‌లలో చార్జింగ్ పాయింట్లు ఉంటున్నాయి. ఉన్నాయా అని మాత్రమే కాదు, ఎన్ని కార్లకు ఎన్ని ఉన్నాయి, ఉదయం ఎన్నింటికల్లా నిండిపోతున్నాయి అన్నది ఫెసిలిటీస్ వాళ్లను అడగండి.

ఇంట్లోనూ లేదు, ఆఫీసులోనూ లేదు అంటే నా సలహా సూటిగా ఇది: ఇంటికి ఉన్న ఒకే ఒక్క కారుగా ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు కొనకండి. బయటి చార్జర్ల మీదే బతకడం సాధ్యమే. కానీ వారానికి రెండు సాయంత్రాలు అక్కడే పోతాయి, డబ్బు ఆదా కూడా మూడో వంతు దాకా తగ్గిపోతుంది.

అడుగు 2: మీ కిలోమీటర్లు రాసుకోండి

రెండు రకాల ఉద్యోగులను తీసుకుందాం. ఒకరు ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి, ఊరి మధ్య నుంచి పోనూ రానూ దాదాపు 60 కిలోమీటర్లు. ఇంకొకరు మియాపూర్ నుంచి గచ్చిబౌలికి, పోనూ రానూ 24 కిలోమీటర్లు. నెలకు 22 పని దినాలు, వారాంతపు తిరుగుడు కలిపితే మొదటి వారికి సుమారు 1,500, రెండో వారికి సుమారు 680. హైబ్రిడ్ పద్ధతిలో వారానికి మూడు రోజులే ఆఫీసుకి వెళ్లేవాళ్లు నిజాయితీగా ఆ మూడు రోజులే లెక్కేయాలి. ఈ ఒక్క అంకె మీదే కింది డబ్బు లెక్కంతా ఆధారపడి ఉంటుంది.

దూరంతో పాటు ఎంత సమయం పడుతుందో కూడా రాసుకోండి. పెట్రోలు కారుకి ట్రాఫిక్ జామ్ శత్రువు, ఖాళీ రోడ్డు మిత్రుడు. ఎలక్ట్రిక్ కారుకి సరిగ్గా తలకిందులు. జామ్‌లో ఆగి ఉన్నప్పుడు మోటారు ఏమీ తినదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి బ్యాటరీకి తిరిగి వస్తుంది. కాబట్టి కూకట్‌పల్లి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో దాని మైలేజీ బాగుంటుంది. తినేది ఏసీ. మే నెల ఎండలో ఏసీ గంటకు ఒక యూనిట్ నుంచి ఒకటిన్నర యూనిట్ల దాకా తీసుకుంటుంది. రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే ఉంటే ఏసీకే మూడు నుంచి నాలుగున్నర యూనిట్లు, అంటే పాతిక కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడేది.

ఇక ఔటర్ రింగ్ రోడ్డు. అక్కడ గంటకు 100 దాటించి నడిపితే గాలి నిరోధం బాగా పెరిగి యూనిట్‌కి వచ్చే కిలోమీటర్లు ఏడు నుంచి అయిదుకి పడిపోవడం మామూలే. దారి ఎక్కువైనా తొందరగా చేరతామని రోజూ ఔటర్ ఎక్కేవాళ్లు, ఊళ్లో వచ్చే మైలేజీతో లెక్క వేసుకోకూడదు.

మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో ఇల్లు, రాయదుర్గం స్టేషన్‌కి దగ్గర్లో ఆఫీసు ఉంటే, ఆఫీసు కోసం అసలు కారు కావాలా అన్నది కూడా ఇక్కడే ఆలోచించండి.

అడుగు 3: రేంజ్ అంకెను మీ చేత్తో తగ్గించండి

బ్రోషర్‌లో ఉండే రేంజ్ ప్రయోగశాలలో, నిర్ణీత వేగాల్లో చేసిన పరీక్షలో వచ్చేది. అది మోసం కాదు, పెట్రోలు కార్ల మైలేజీ అంకె కూడా అలాంటిదే. దాన్ని మన రోడ్డుకి తగ్గట్టు తగ్గించుకోవాలి.

బ్రోషర్‌లో 300 కిలోమీటర్లు అని ఉందనుకుందాం. మూడింట రెండు వంతులు తీసుకోండి, 200. రోజూ వంద నుంచి సున్నా దాకా వాడం. 90 శాతం నుంచి 20 శాతం వరకే వాడతామనుకుంటే మనకు దక్కేది 140. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ సామర్థ్యం కొంత తగ్గుతుంది, అయిదో వంతు పోయిందనుకుని లెక్కేస్తే 112. ఈ చివరి అంకె మీ రోజువారీ దూరానికి రెట్టింపు ఉంటే ఆ కారు మీకు ఏళ్ల తరబడి సుఖంగా సరిపోతుంది. ఎల్బీనగర్ ఉద్యోగికి 120 కావాలి కాబట్టి ఇది కాస్త అంచున ఉన్నట్టు, ఇంకొంచెం పెద్ద బ్యాటరీ చూసుకోవాలి. మియాపూర్ ఉద్యోగికి 48 చాలు. అలాంటివారు 500 కిలోమీటర్ల రేంజ్ కోసం అదనంగా అయిదారు లక్షలు పెట్టడం అనవసరం.

రెట్టింపు ఎందుకంటే, ఒక రాత్రి కరెంటు పోయినా, చార్జ్ పెట్టడం మర్చిపోయినా, మర్నాడు ఆఫీసు ఆగకూడదు.

అడుగు 4: డబ్బు లెక్క

పెట్రోలు లీటరు 107 రూపాయలు, ఊళ్లో పెట్రోలు కారు లీటరుకి 13 కిలోమీటర్లు అనుకుందాం. ఎలక్ట్రిక్ కారు గోడ దగ్గర తీసుకున్న యూనిట్‌కి 7 కిలోమీటర్లు. గోడ దగ్గర అని ఎందుకంటున్నానంటే, మీటరులో తిరిగిన యూనిట్లన్నీ బ్యాటరీలోకి చేరవు, పదో వంతో ఇంకాస్తో వేడి రూపంలో పోతుంది. కారు తెరమీద కనిపించే అంకెతో కాకుండా మీటరుతో లెక్క వేస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది.

ఎల్బీనగర్ ఉద్యోగికి 1,500 కిలోమీటర్లకు పెట్రోలు ఖర్చు సుమారు 12,300. అదే దూరానికి కరెంటు 214 యూనిట్లు.

ఇక్కడ అందరూ భయపెట్టేది శ్లాబుల గురించి. "కారు పెడితే పై శ్లాబులోకి పోయి బిల్లు పేలిపోతుంది" అంటారు. వేసి చూద్దాం. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, 201 నుంచి 300 వరకు 7.70, 301 నుంచి 400 వరకు 9.00, ఆపైన 800 వరకు 9.50. ఇప్పటికే 250 యూనిట్లు వాడే ఇంట్లో ఈ 214 కలిస్తే 464. అదనంగా పడేది 50 యూనిట్లకు 385, వంద యూనిట్లకు 900, మిగతా 64కి 608. మొత్తం 1,893 రూపాయలు, అంటే యూనిట్ సగటున 8.85.

150 యూనిట్లు మాత్రమే వాడే ఇంటి లెక్క ఇంకా ఆసక్తికరం. 200 దాటకపోతే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 రేటు వర్తిస్తుంది, బిల్లు 580. కారు వల్ల 364 అయితే ఆ చవక రేట్లు పూర్తిగా పోతాయి, మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. బిల్లు 2,366 అవుతుంది. అదనంగా 1,786. శ్లాబు దెబ్బ పూర్తిగా తగిలినా యూనిట్ 8.35 దగ్గరే ఆగింది. ఫిక్స్‌డ్ చార్జీల లాంటివి కొంచెం కలుపుకున్నా 12,300 ఎక్కడ, రెండు వేలు ఎక్కడ! అయితే గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే 200 దాటిన నెలలో ఆ రాయితీ దక్కదు, అది గుర్తుంచుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో 226 నుంచి 400 యూనిట్ల వరకు 8.75, ఆపైన 9.75. దానిమీద ఇంధన సర్దుబాటు చార్జీలు కూడా వస్తుంటాయి కాబట్టి యూనిట్ పది రూపాయలు వేసుకుంటే సురక్షితం. రెండు రాష్ట్రాల్లోనూ ఈవీ చార్జింగ్‌కి ప్రత్యేక కేటగిరీ ఉంది. నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కారుకే ఖర్చయ్యేవాళ్లు విడి మీటరు గురించి సెక్షన్ ఆఫీసులో అడగొచ్చు. తక్కువ తిరిగేవాళ్లకు ఆ శ్రమ అనవసరం.

మొత్తం మీద ఎల్బీనగర్ ఉద్యోగికి నెలకు పది వేల చుట్టూ, ఏడాదికి సుమారు లక్షా ఇరవై వేలు మిగులుతుంది. మియాపూర్ ఉద్యోగికి పెట్రోలు నెలకు 5,600, కరెంటు 900, ఏడాదికి మిగిలేది 56 వేల దాకా. అదే మొదటివారు ఇంటి చార్జింగ్ లేక పూర్తిగా బయటి ఫాస్ట్ చార్జర్ల మీద ఆధారపడితే, జీఎస్టీ కలిపి యూనిట్ 25 పడిందనుకుంటే, 214 యూనిట్లకు 5,350. అడుగు 1లో అంత గట్టిగా ఎందుకు చెప్పానో ఈ అంకెలోనే ఉంది.

ఇప్పుడు కొనే ధర. ఎక్స్‌షోరూమ్ ధరలు పోల్చొద్దు, ఆన్‌రోడ్ ధరలే పోల్చండి. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. 14 లక్షల పెట్రోలు కారుకి రోడ్ ట్యాక్సే రెండు లక్షలు దాటుతుంది. ఎక్స్‌షోరూమ్‌లో కనిపించే తేడా చాలావరకు ఇక్కడే కరిగిపోతుంది. ఆ గడువు దాటాక కొనేవాళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో కొనేవాళ్లు ఆరోజు అమల్లో ఉన్న నిబంధనను రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కుని లెక్కలో వేసుకోవాలి.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఎలక్ట్రిక్ కార్ల మీద 5 శాతం అలాగే ఉంది. అంతకుముందు తీసిన వీడియోల్లోని ధరల పోలికలు ఇప్పుడు చెల్లవు. అలాగే ఈవీ లోన్ వడ్డీ మీద 80ఈఈబీ సెక్షన్ కింద పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. మీ కంపెనీలో కార్ లీజ్ పాలసీ ఉంటే మాత్రం దాన్ని తప్పక చూడండి, పై పన్ను శ్లాబులో ఉన్నవాళ్లకు అది బాగా కలిసొస్తుంది.

ఆన్‌రోడ్ తేడా మూడు లక్షలు అనుకుంటే మొదటి వారికి రెండున్నరేళ్లలో, రెండో వారికి అయిదేళ్లు దాటాక తిరిగి వస్తుంది. తేడా లక్షే అయితే ఇద్దరికీ లాభమే. నెలకు 500 కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లు డబ్బు ఆదా కోసం ఎలక్ట్రిక్ కారు కొనడం నాకు సరైన కారణంగా అనిపించదు. నడపడానికి హాయిగా ఉంటుందని, పొగ ఉండదని కొంటే అది వేరే మాట, అవీ మంచి కారణాలే.

బ్యాటరీని అద్దెకిచ్చే పథకాలు వచ్చాయి. 2024లో ఎంజీ విండ్సర్‌తో మొదలైన పద్ధతిలో కారు ధర తగ్గి, బ్యాటరీకి కిలోమీటరుకు ఇంత అని కట్టాలి. అప్పట్లో అది 3.50 రూపాయలు. నెలకు 1,500 కిలోమీటర్లంటే 5,250, పైన కరెంటు. ఎక్కువ తిరిగేవాళ్లకు అది ఆదాలో సగం తినేస్తుంది. తక్కువ తిరిగేవాళ్లు కనీస కిలోమీటర్ల షరతు ఉందేమో చూసుకుని సంతకం పెట్టాలి.

అడుగు 5: ఊరి ప్రయాణాలు

ఆఫీసు లెక్క ఎంత బాగా కుదిరినా ఇంట్లోవాళ్లు అడిగేది "మరి సంక్రాంతికి ఊరెళ్లాలంటే?" అనే. న్యాయమైన ప్రశ్న.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. బ్రోషర్‌లో 400 ఉన్న కారు కూడా హైవే వేగంలో దీన్ని ఒక్క గుక్కలో దాటుతుందని నమ్ముకోవద్దు. సూర్యాపేట దగ్గర ఎలాగూ టిఫిన్‌కి ఆగుతాం, అది దాదాపు సగం దారి. అక్కడ 50 కిలోవాట్ల చార్జర్ దొరికితే తినేలోపు తగినంత ఎక్కుతుంది. ఫాస్ట్ చార్జింగ్ 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది కాబట్టి వంద కోసం కూర్చోకుండా 80 దగ్గర తీసేసి బయల్దేరాలి. వెనక వేచి ఉన్నవాళ్లకూ అది మేలు.

కానీ సంక్రాంతి ముందు రెండు రోజుల సంగతి వేరు. పంతంగి టోల్ దగ్గరే కిలోమీటర్ల కొద్దీ బారులుంటాయి, చార్జర్ల దగ్గరా అంతే. ఆ రోజుల్లో మీ ముందు ఇద్దరున్నా రెండు గంటలు పోతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ అవస్థ పడొద్దు. ఏడాదికి ఆ ఒకటి రెండు ప్రయాణాలకు రైలో, అద్దె కారో పెట్టుకోండి. ఏడాదంతా మిగిలిన పెట్రోలు డబ్బులో అది చిన్న భాగం.

చార్జింగ్ కంపెనీల యాప్‌లు ఒక్కొక్కటి ఒక్కో తీరు. ప్రయాణం ముందే రెండు మూడు యాప్‌లు పెట్టుకుని, ఖాతా తెరిచి, ఒకసారి ఊళ్లోనే వాడి చూడండి. మ్యాప్‌లో స్టేషన్ కనిపించినంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. ఆరోజు ఎవరైనా అక్కడ చార్జ్ చేశారా అని యూజర్ల కామెంట్లలో చూసుకుని, దానికి ముందో వెనకో ఇంకొకటి అనుకుని పెట్టుకోండి.

సొంత ఊళ్లో చార్జ్ చేయాలంటే మళ్లీ ఎర్తింగే. పల్లెటూళ్లలో లో వోల్టేజ్ కూడా ఉంటుంది. చార్జర్‌లో కరెంటును 10 ఆంపియర్లకు తగ్గించే సెట్టింగ్ ఉంటే దాన్ని వాడండి, నెమ్మదిగానైనా ఎక్కుతుంది.

అడుగు 6: కారును చూసేటప్పుడు

ఇక షోరూమ్‌కి వెళ్లొచ్చు. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ సంగతి వాళ్లే చెబుతారు. మీరు అడగాల్సినవి వేరు.

బ్యాటరీ ఏ రకం? మన మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్). రోజూ ఎండలో తిరిగి, ఏళ్ల తరబడి వాడుకునేవాళ్లకు నేను ఎల్‌ఎఫ్‌పీ వైపే మొగ్గుతాను. వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు చార్జ్ చేసినా నిలుస్తుంది. దాన్ని అప్పుడప్పుడు పూర్తిగా వంద శాతం చేయమని కంపెనీలే చెబుతాయి, శాతం అంకె సరిగా చూపించడానికి అది అవసరం. ఎన్‌ఎంసీని రోజువారీ 80 దగ్గర ఆపుకోవడం మేలు.

వారంటీ ఎంత? 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్నది ఎక్కువగా వినిపించే మాట. దానికన్నా ముఖ్యం, సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, కారు అమ్మితే కొన్నవాళ్లకు ఆ వారంటీ బదిలీ అవుతుందా అన్నవి. సేల్స్ కుర్రాడి నోటిమాట కాదు, వారంటీ పుస్తకంలో ఆ పేరా చూపించమనండి. అమ్మకపు ధర విషయంలో ఎలక్ట్రిక్ కార్లు ఇంకా వెనకబడే ఉన్నాయి, మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లకు ఇది నష్టమే.

స్టెప్నీ ఉందా? చాలా ఎలక్ట్రిక్ కార్లలో దాని బదులు పంక్చర్ కిట్ ఇస్తున్నారు. కారు అడుగుభాగం నేలకు ఎంత ఎత్తులో ఉంది? మీ కాలనీలోని స్పీడ్ బ్రేకర్ల మీద అయిదుగురితో ఎక్కించి చూడండి, బ్యాటరీ ఉండేది ఆ అడుగునే. 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఈ కార్లలో ఉంటుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా అది దిగిపోతే కారు కదలదు, దాన్ని ఎన్నేళ్లకు మార్చాలో అడగండి.

షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌తో ఏమీ తేలదు. మీరు ఆఫీసుకి బయల్దేరే వేళకే, మీ దారిలోనే, ఏసీ వేసుకుని నడపడానికి ఇమ్మనండి. ఇవ్వకపోతే అదే మోడల్ సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు రెండు రోజులు తీసుకోండి. బయల్దేరినప్పుడు, చేరినప్పుడు బ్యాటరీ శాతం రాసుకోండి. అడుగు 3లో మీరు వేసుకున్న అంకె నిజమో కాదో అప్పుడు తెలుస్తుంది. ఎలక్ట్రిక్ క్యాబ్ ఎక్కినప్పుడు డ్రైవర్ అన్నతో మాట్లాడండి. ఆయనకు తెలిసినంత వివరంగా ఏ రివ్యూలోనూ దొరకదు.

అడుగు 7: ఇన్సూరెన్స్, వరద

థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం తగ్గింపు 2022 జూన్ నుంచి ఉంది. ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం ఎక్కువ పడవచ్చు, రెండూ కలిపి కొటేషన్ చూడండి.

వరద సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో సెల్లార్లు మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. బ్యాటరీకి ఐపీ67 అని ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని దాని అర్థం. రోజుల తరబడి మునిగినదానికి ఆ రేటింగ్ హామీ ఇవ్వదు. కాబట్టి బ్యాటరీకి, చార్జర్‌కి వర్తించే యాడ్-ఆన్, జీరో డెప్రిసియేషన్ తీసుకోండి. నీళ్లు చేరడం వల్ల జరిగిన నష్టం బ్యాటరీకి కూడా వర్తిస్తుందా అని ఇన్సూరెన్స్ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. మీ సెల్లార్‌లో ఎప్పుడైనా నీళ్లు నిలిచి ఉంటే, సాకెట్‌ని ఆ మట్టం కన్నా బాగా పైన పెట్టించండి. భారీ వర్షం హెచ్చరిక వచ్చిన రాత్రి ప్లగ్ తీసేసి, మెయిన్ ఆపేసి, కారును రోడ్డు మట్టానికి తెచ్చిపెట్టండి. మునిగిన కారును మాత్రం ఎవరెంత తొందరపెట్టినా ఆన్ చేయకండి, చార్జ్ పెట్టకండి. సర్వీస్ సెంటర్ వాళ్లు వచ్చి చూసేవరకు దూరంగా ఉండండి.

అడుగు 8: బుక్ చేశాక

కారు చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు. ఆ సమయంలోనే అసోసియేషన్ అనుమతి, లోడ్ దరఖాస్తు, కేబుల్, ఎర్తింగ్ పూర్తి చేయించండి. డెలివరీ రోజున చార్జర్, పంక్చర్ కిట్ చేతిలో ఉన్నాయో లేదో, వారంటీ పేపర్లలో చాసిస్ నంబరు సరిపోయిందో లేదో చూసుకోండి. బంపర్ దగ్గర గీతలు వెతికే సమయంలో కొంత చార్జింగ్ పోర్ట్ మూత సరిగా తెరుచుకుంటోందా అని చూడటానికీ పెట్టండి.

ఇంటి దగ్గర మొదటిసారి చార్జ్ పెట్టేటప్పుడు పగలే పెట్టండి, రాత్రి పెట్టి పడుకోవద్దు. గంట తర్వాత వెళ్లి ప్లగ్ మీద, సాకెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, స్క్రూ వదులుగా ఉండి ఉంటుంది లేదా వైరు సన్నదై ఉంటుంది. మొదటి నెలంతా మీటరు రీడింగ్, ఓడోమీటర్ రీడింగ్ పక్కపక్కనే రాయండి. యూనిట్‌కి వస్తున్న కిలోమీటర్లు మీరు అనుకున్నదానికన్నా బాగా తక్కువగా ఉంటే ముందు టైర్లలో గాలి చూడండి, తర్వాత మీ వేగం చూడండి, అప్పటికీ తేడా పోకపోతే రాసుకున్న కాగితంతో సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.